ఫీజు కట్టి కాపలా

తాబేలు గుడ్లకు కాపలా కాయడానికి మన పిల్లలు సముద్రాలు దాటి వెళుతున్నారు, ఎదురు డబ్బు కట్టి మరీ. అదే జాతి తాబేలు ఏటా దివిసీమ ఇసుకలో గుడ్లు పెడుతోంది. ఇక్కడ కాపలా కాసేవాళ్లది రోజు కూలి.

గుడివాడలో ఏ వీధికెళ్లినా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. ముందు ఎమ్మెస్, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత గ్రీన్‌కార్డు. ఇన్నాళ్లూ వరస ఇదే. ఇప్పుడు మనవల తరం వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన ఈ పిల్లల్లో కొందరు హైస్కూల్లో ఉండగానే వేసవి సెలవులకు ఏ కోస్టారికాకో, దక్షిణాఫ్రికాకో, థాయ్‌లాండ్‌కో వెళ్లి రెండు వారాలు వన్యప్రాణుల సేవ చేసి వస్తున్నారు. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి ఒక పేరా దొరుకుతుంది. కొందరికి నిజంగానే కళ్లు తెరుచుకుంటాయి. తాతయ్య ఫోనుకు ఒక ఫొటో వస్తుంది: నుదుటికి ఎర్రలైటు కట్టుకుని, చీకట్లో ఇసుకమీద మోకాళ్లూని కూర్చున్న మనవరాలు, ఎదురుగా తాబేలు. తాతయ్య ముచ్చటపడి నలుగురికీ చూపిస్తాడు. ఆయనకు తేలనిది ఒక్కటే. ఇంతకీ ఈ పనికి డబ్బులు వాళ్లిచ్చారా, మనం కట్టామా?

మనమే కట్టాం. విమానం టికెట్టు కాక, బసకూ భోజనానికీ శిక్షణకూ కలిపి వారాల లెక్కన ఫీజు. అందులో తప్పేమీ లేదు. సొంత సెలవుల్ని, సొంత డబ్బునీ పెట్టి పరాయి దేశపు ఒడ్డున రాత్రంతా నడిచే పిల్లల్ని ఎగతాళి చేయడం చాలా సులభం, అన్యాయం కూడా. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పిల్ల వెళ్లిపోయాక మర్నాడు రాత్రి ఆ ఒడ్డున నడిచేది ఎవరు?

ఓస్తియోనాల్ ఒప్పందం

కోస్టారికాలో పసిఫిక్ ఒడ్డున ఓస్తియోనాల్ అనే చిన్న ఊరుంది. కొన్ని రాత్రులు అక్కడ వేల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒక్కుమ్మడిగా ఒడ్డెక్కుతాయి. ఆ రాకకు స్పానిష్‌లో అరిబాడా అని పేరు. ముందొచ్చిన తాబేలు పెట్టిన గుడ్లను వెనకొచ్చింది తవ్వి పారేస్తుంది. ఎలాగూ చితికిపోయే ఆ తొలి గుడ్లను ఊరివాళ్లు తీసి అమ్ముకోవడానికి అక్కడి ప్రభుత్వం 1987లో అనుమతిచ్చింది. రాక మొదలైన మొదటి 36 గంటలే గడువు. అందుకు బదులుగా ఊరు ఒడ్డును శుభ్రం చేయాలి, దొంగల్ని రానివ్వకూడదు, పిల్లలు పైకొచ్చి నీళ్లవైపు పాకే వేళ పక్షులూ కుక్కలూ మీద పడకుండా చూడాలి. విదేశీ వలంటీర్లు ఈ ఏర్పాటుకు పైసాయం మాత్రమే. వాళ్లు ఒక సీజనుకు రాకపోయినా పని ఆగదు, ఎందుకంటే తాబేలు బతికితేనే ఊరికి ఆదాయం.

గుడ్లు అమ్ముకోనివ్వడం మన దగ్గర కుదరదు. ఒడిశాలోని గహిర్‌మాత, రుషికుల్యల్లోలాగ మన తీరానికి తాబేళ్లు మందలుగా రావు. ఒక్కటొక్కటిగా, మైళ్ల దూరంలో చెదిరి వస్తాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో ఈ తాబేలుంది, అంటే పులికున్నంత రక్షణ. కాబట్టి ఓస్తియోనాల్ నుంచి మనం అరువు తెచ్చుకోదగ్గది గుడ్ల బేరం కాదు, ఊరికి ఆ ఒడ్డు మీద ఒక వాటా ఉండాలన్న ఆలోచన.

పంటు దాటాక

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం దాకా సాగిన నేల దివిసీమ. అవనిగడ్డ మీదుగా నాగాయలంక వరకు బస్సులో పోవచ్చు. ఎదురుమొండి లంకకు వెళ్లాలంటే పంటు ఎక్కాలి. అక్కణ్నుంచి కిందికి రోడ్డు అనే మాట మర్చిపోవాలి. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్లు, బురద, పాయలు, ఆ తర్వాత ఇసుక దిబ్బలు. తూర్పున కోడూరు వైపు నుంచి వెళితే పాలకాయతిప్ప, హంసలదీవి సంగమం. ఈ మడ అడవుల్లో దాదాపు 194 చదరపు కిలోమీటర్లను 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. అందులో కొంత ఇప్పుడు నది అవతల బాపట్ల జిల్లా కింద ఉంది.

జనవరి నుంచి మార్చి దాకా ఈ దిబ్బల మీద రాత్రుళ్లు గస్తీ. తాబేలు చీకటిపడ్డాక ఒడ్డెక్కి, పోటు నీళ్లు అందని చోటు చూసుకుని, వెనక కాళ్లతో మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. అడుగున వెడల్పు, మూతి దగ్గర ఇరుకు. నూరూ నూటిరవై గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, ఒంటి బరువుతో ఇసుకను అదిమి, గంటలోపే మళ్లీ సముద్రంలోకి దిగిపోతుంది. ఇసుక మీద చిన్న ట్రాక్టరు టైరు నడిచినట్టు జాడ మిగులుతుంది. వాచరు పట్టుకోవాల్సింది ఆ జాడను. గాలికి ఇసుక కొట్టేస్తే అదీ ఉండదు. నక్కలకూ ఊరకుక్కలకూ జాడతో పనిలేదు, వాసన చాలు. అందుకే వాటికంటే ముందు చేరాలి.

గొయ్యి దొరికాక చేత్తోనే తవ్వాలి, పలుగూ పారా పనికిరావు. గుడ్లను అదే గూటి ఇసుకతో సంచిలో సర్ది, కుదుపు లేకుండా మోసుకొచ్చి, వల కంచె కట్టిన సంరక్షణ కేంద్రంలో అదే లోతున, అదే ఆకారంలో తవ్విన గోతిలో పెట్టాలి. ఇదంతా కొన్ని గంటల్లో అయిపోవాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. గోతి దగ్గర తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ పాతుతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆడో మగో తేల్చేది ఇసుక వేడి: వేడెక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఎండలు ముదిరేకొద్దీ గోతుల మీద నీడ వేయాలా, ఎంత వేయాలి అన్నది సంరక్షణ కేంద్రాలకు ఇప్పుడు నిజమైన తలనొప్పి.

చివరికి పిల్లల్ని చల్లపూట ఇసుక మీద వదులుతారు. ఎత్తుకెళ్లి నీళ్లలో వేయకూడదు, వాటంతటవే నడిచి వెళ్లాలి. ఈ మొత్తం పనిలో ఫొటోకు పనికొచ్చేది ఈ చివరి పది నిమిషాలే. మంత్రులైనా కలెక్టర్లైనా స్కూలు పిల్లలైనా వచ్చేది ఈ పది నిమిషాలకే. మిగతా రెండు మూడు నెలలు దోమలు, ఉప్పుగాలి, తాగునీటికి క్యాను మోత. ఆ నెలలు గడిపేది ఈ లంకల జాలర్లు, పాయల్లో పీతలు పట్టుకుని బతికే యానాదులు, అటవీశాఖ సీజనుకు పెట్టుకునే వాచర్లు. వీళ్లకు సర్టిఫికెట్లుండవు. ఉండేది మస్టరు.

రొయ్య వెనక తాబేలు

ఈ నెలల్లోనే మంగినపూడి నుంచి హంసలదీవి దాకా తీరం వెంట నడిచేవాడికి గుడ్లకంటే ముందు కళేబరాలు కనిపించవచ్చు. ఆలివ్ రిడ్లీ నీళ్లలో బతికినా ఊపిరి తీసేది గాలినే. ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక మునిగి చస్తుంది. వలకు ఒక ఇనుప జల్లెడ బిగించి, తాబేలు తప్పించుకునేందుకు పైనో కిందో కంత పెట్టే పరికరం ఎప్పుడో వచ్చింది. రొయ్య జల్లెడలోంచి లోపలికి పోతుంది, తాబేలు కంతలోంచి బయటికి పోతుంది. అదే కంతలోంచి కొంత వేట కూడా పోతుందని బోటువాళ్ల గోడు. డీజిలు ధర చూస్తే ఆ గోడును కొట్టిపారేయలేం.

ఈ కథలో అమెరికా ఎప్పుడో ప్రవేశించింది. తాబేళ్లను కాపాడే పరికరం లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను కొనబోమని 1989లో వాళ్లు ఒక చట్టం చేశారు. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు తాబేళ్లను కాపాడుకునే హక్కును ఒప్పుకుంటూనే, అమెరికా దాన్ని దేశానికో తీరుగా అమలుచేయడాన్ని తప్పుబట్టింది. ఆ చట్టం కిందే 2019లో భారత సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసేసింది. చెరువుల్లో పెంచిన వనామీకి మాత్రం ఆ నిషేధం వర్తించదు. మన ఎగుమతుల్లో పెద్ద వాటా చెరువు రొయ్యదే కాబట్టి గుడివాడ, కైకలూరు వైపు ఎవరికీ పెద్దగా చీమ కుట్టలేదు.

మనవరాలి సంగతి ఇక్కడ ఒకసారి గుర్తుచేసుకోవాలి. టెక్సాస్‌లో ఆమె వారాంతం తినే రొయ్య ఏ తాతయ్య ఊరి చెరువులోంచి వెళ్లిందో ఎవరికి తెలుసు? కోస్టారికా తాబేలుతో ఆమెకున్నది రెండు వారాల పరిచయం. కృష్ణా డెల్టాతో ఆమెది రోజూ పళ్లెంలో ఉండే సంబంధం.

మన చట్టాల సంగతీ చెప్పుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టిన గడువు అది. తాబేలు తల్లులు ఒడ్డుకొచ్చేది జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో. అంటే ఆఖరున పుట్టే పిల్లలు సముద్రంలోకి దిగే వేళకు బోట్లు రేవులో ఉంటాయి, తల్లులు వచ్చే వేళకు సముద్రంలో ఉంటాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న నిబంధన రాష్ట్రంలో ఉంది. ఆ మూడు నెలలైనా అది గట్టిగా అమలైతే, ఒడ్డున ఎన్ని సంరక్షణ కేంద్రాలు పెట్టినా రానంత ఫలితం వస్తుందని నా నమ్మకం. గుడ్డు నుంచి వచ్చిన పిల్లల్లో పెద్దయ్యేది వేయికి ఒకటి అంటారు. అలాంటప్పుడు గుడ్లు పెట్టే వయసుకొచ్చిన తల్లి ఒక్కటి పోవడమంటే ఎన్ని గోతుల కష్టం పోయినట్టో లెక్కవేసుకోవచ్చు. ఈ పనికి వలంటీర్లు అక్కర్లేదు, పెట్రోలింగ్ బోటు కావాలి. గిలకలదిండి హార్బరులో కూర్చుని బోటు యజమానుల మాట వినే ఓపికా కావాలి.

అరిజోనా నుంచి నాగాయలంక

విదేశీ సాయం అంతా పైపై వ్యవహారమేనా? కాదు. బావురుపిల్లి ఉదంతం చూడండి. మామూలు పిల్లికి రెండింతలకు పైగా ఉంటుంది. పోతుపిల్లి పదిహేను కిలోల దాకా తూగుతుంది. కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర, ఒంటికి నీరంటనంత దట్టమైన లోపలి బొచ్చు. నీళ్లలో దూకి చేపను పడుతుంది. పశ్చిమ బెంగాల్‌కు అది రాష్ట్ర జంతువు. మన రాష్ట్రంలో గోదావరి ముఖాన కోరింగలోనూ, కృష్ణా మడ అడవుల్లోనూ ఉంది. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి చెరువు కాపలావాళ్లకు తప్ప చాలామందికి దాని ఉనికే తెలియదు.

అరిజోనా విశ్వవిద్యాలయంలో ప్యూమాల మీద పరిశోధన చేసిన అశ్విన్ నాయుడు ఈ పిల్లి కోసం ఫిషింగ్ క్యాట్ కన్సర్వెన్సీ అనే సంస్థ పెట్టారు. కృష్ణా, గోదావరి మడ అడవుల ఊళ్లవాళ్లతో కలిసి పనిచేశారు. 2019లో టెడ్ వేదిక మీద దీని గురించే మాట్లాడారు. తూర్పు కనుమల వన్యప్రాణి సొసైటీ స్థాపించిన కంటిమహంతి మూర్తి కూడా ఈ పిల్లి వెనక తిరిగినవారే. కోరింగలో గిరిధర్ మల్లా పరిశోధన చేశారు. వీళ్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటి: చెట్లకు కట్టే కెమెరాల కాపలానూ, ఊళ్లో మాట్లాడే పనినీ స్థానికులకే అప్పజెప్పడం. పిల్లి పాదముద్ర బురదలో ఎక్కడ దొరుకుతుందో పీతలు పట్టేవాడికి తెలిసినంత ఏ డాక్టరేటుకూ తెలియదు.

బావురుపిల్లికి శత్రువు వేటగాడు ఒక్కడే కాదు. మడను కొట్టి చెరువు తవ్వితే దాని ఇల్లు పోతుంది. ఆ చెరువులోకే అది చేపకోసం వస్తే చెరువు యజమానికి దొంగ అవుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలు, మడ అడ్డున్న చోట నీటి ఉధృతి తగ్గిందని ఇప్పటికీ చెబుతారు. ఆ మడను మళ్లీ నిలబెట్టడానికి 1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరి కమిటీలు కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. ఉప్పు తేలి ఎండిపోయిన నేలలోకి పోటు నీరు ఎక్కి దిగేలా చేస్తే మడ మొక్క నిలుస్తుంది. డబ్బులో కొంత కెనడా నుంచి వచ్చింది. కాలువ తవ్విన చేతులు ఇక్కడివి. ఇలాంటి పొత్తుల్లోనే విదేశీ సాయం వంటబడుతుంది.

ఐతన్న పట్టిన పిట్ట

డెల్టా దాటి కడపకు పోయొస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. అంతరించిపోయిందని ప్రపంచమంతా రాసుకున్న కలివికోడి 1986 జనవరిలో మళ్లీ కనిపించింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నాడు. రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని పట్టుకొచ్చింది రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న. ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. కానీ దాంతోనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, బ్రిటన్ శాస్త్రవేత్తలు వచ్చారు, తెలుగుగంగ కాలువ దారి మారింది.

మనవాళ్లూ బయటికి వెళ్లారు. సతీశ్ భాస్కర్ కేరళవాడు, మద్రాసు ఐఐటీ చదువు వదిలేసి తాబేళ్ల కోసం దేశపు తీరాలన్నీ నడిచాడు. 1982 వానాకాలంలో లక్షదీవుల్లోని సుహేలీలో నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. అక్కణ్నుంచి భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వదిలితే, 24 రోజులకు శ్రీలంక జాలరికి దొరికి, ఆయన దాన్ని పోస్టు చేశాడు. తర్వాత ఇండోనేసియా పాపువాకు వెళ్లి వందల కొద్దీ లెదర్‌బ్యాక్ తాబేళ్లకు గుర్తుబిళ్లలు వేసొచ్చాడు. విదేశంలో వన్యప్రాణి సేవ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే. అక్కడికి వెళ్లేనాటికే ఆయనకు ఆ పని వచ్చు. తేడా అదే.

వెళ్లేవాళ్లకు

ఇంత చెప్పినా వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లాలి. ముందు ఒక్క పరీక్ష: అడవి జంతువును ముట్టుకోనిస్తామని, ఒళ్లో పడుకోబెట్టి ఫొటో తీయిస్తామని చెబితే ఆ ప్రాజెక్టు దగ్గరికే పోకూడదు. దక్షిణాఫ్రికాలో అనాథ సింహం కూనలకు సీసాపాలు పట్టే సేవ అని పిలిచిన చాలాచోట్ల అవి అనాథలు కావు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి దగ్గర్నుంచి లాగేసినవి. మనిషికి అలవాటుపడ్డ ఆ కూనను మళ్లీ అడవిలో వదల్లేరు. పెద్దయ్యాక అది కంచె లోపలి వేటకో, ఎముకల వ్యాపారానికో పోతుంది. 2015లో వచ్చిన బ్లడ్ లయన్స్ డాక్యుమెంటరీ ఈ వ్యాపారాన్ని బయటపెట్టింది. 2021లో దక్షిణాఫ్రికా ప్రభుత్వమే దీనికి స్వస్తి చెబుతామంది. థాయ్‌లాండ్‌లో పులుల గుడిగా పేరుపడ్డ చోట 2016లో దాడి చేస్తే ఫ్రీజరులో 40 పులికూనల కళేబరాలు దొరికాయి. అక్కడా విదేశీ వలంటీర్లు సేవ చేశారు, మంచి మనసుతోనే. శ్రీలంక దక్షిణ తీరంలో కొన్ని తాబేళ్ల కేంద్రాలు పిల్లల్ని సందర్శకుల కోసం తొట్లలో ఉంచుతాయి. పుట్టిన తొలిరోజు సముద్రంలో దూరం ఈదడానికి దాచుకున్న శక్తంతా ఆ తొట్టి గోడల మధ్యే ఖర్చయిపోతుంది.

కాగితాల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. జీతం లేదు కదా, టూరిస్టు వీసా చాలనుకుంటారు. థాయ్‌లాండ్‌లో జీతంలేని పనికీ వర్క్ పర్మిట్ అడుగుతారు. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద నమోదైన స్వచ్ఛంద సంస్థకు 30 రోజుల వరకే. కెన్యా, ఉగాండా లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజులు ముందు వేయించుకోవాలి. ఆ పత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో ఆ టీకా వేస్తారు.

ఇటు రావాలనుకునే మనవలకు కూడా రెండు మాటలు. విదేశీ పౌరులు ఈ-టూరిస్టు వీసా మీద డబ్బు తీసుకోకుండా నెల వరకు స్వచ్ఛంద సేవ చేయవచ్చు. ఓసీఐ కార్డున్నా పరిశోధనకు విడిగా అనుమతి కావాలి. అభయారణ్యంలోకి దిగాలంటే అటవీశాఖ అనుమతి ఎవరికైనా తప్పదు. రాత్రిపూట దిబ్బల మీదికి సొంతంగా టార్చిలైట్లు పట్టుకుపోవడం సేవ కాదు. వెలుగు చూసి తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది.

రెండు వారాలకు వచ్చేవాళ్లు నిజంగా పనికొచ్చేది లెక్క దగ్గర. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి దేశదేశాల్లో ఒకే కాలంలో వలంటీర్లే చేసే లెక్క ఇది. గుడివాడ నుంచి కైకలూరు పక్కనే. అక్కడి ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో చెట్లు తెల్లబడి ఉంటాయి. 2002లో రామ్సర్ జాబితాకెక్కిన కొల్లేరుకు వలసపక్షులు వచ్చే రోజులూ అవే. ఒక బైనాక్యులర్, ఒక పక్షుల పుస్తకం, పేర్లు తెలిసిన ఒక మనిషి ఉంటే పొద్దున ఆరు నుంచి పది దాకా కూర్చుని లెక్క రాయవచ్చు. తాతయ్యను కూడా వెంటబెట్టుకెళ్లొచ్చు. ఆయనకు సగం పేర్లు ముందే వచ్చి ఉంటాయి, ఇంగ్లీషువి కాకపోయినా.